చప్పట్లు ఆగిన తొట్టి

పొద్దున ఏడుంపావుకి చేపల తొట్టి మీద దీపం దానంతటదే వెలిగింది గానీ, లోపలున్న రెండు వందల చేతుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆమె నోట్లో బ్రష్ తియ్యకుండానే తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూసింది. రాయి మీద గుత్తులుగా పెరిగే ఆ మెత్తటి పగడాన్ని షాపుల్లో జీనియా అంటారు. లేత గోధుమరంగు కాడలు, ప్రతి కాడ చివరా పువ్వులాంటి ఒక జీవి, దానికి ఎనిమిది వేళ్ళు, వేలువేలుకీ ఈకలాంటి అంచు. వెలుతురు పడగానే ఆ వేళ్ళు విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి, మళ్ళీ విచ్చుకుంటాయి, రోజంతా. ఇంట్లో దానికి చప్పట్ల పగడమని పేరు పెట్టుకున్నారు. ఇవాళ కాడలన్నీ వాలిపోయి, రాయి మీద తడిగుడ్డ ఆరేసినట్టున్నాయి. అడుగున నత్త వెల్లకిలా పడి ఉంది. నారింజ చారల చేప మాత్రం ఏమీ ఎరగనట్టు మేత కోసం పైకొచ్చింది.

అది గురువారం. శనివారం పొద్దున నీళ్ళ డాక్టరు వస్తాడు.

అలంకార చేపల షాపు పెద్దాయనకి ఆ పేరు వీధిలో వాళ్ళు పెట్టారు. ఈ పగడం ఆయనదే. ఇరవై రెండేళ్ళ కిందట గోరంత ముక్క తెచ్చి పెంచాడు. దాన్ని కోసి ఎవరికిచ్చినా ఆ ముక్క కొత్తది కాదు, అదే జీవి. మూడేళ్ళ కిందట ఈమెకీ ఒక ముక్క ఇచ్చాడు. మిగతా వాళ్ళ దగ్గరివి ఒక్కొక్కటే పోయాయి. నెల కిందట షాపులో హీటరు ఆగకుండా పనిచేసి ఆయన తొట్టి కాస్తా ఉడికిపోయింది. ఇప్పుడు ఆ జీవి ప్రపంచంలో ఎక్కడైనా ఉందంటే ఈ హాల్లో, ఈ నలభై లీటర్ల నీళ్ళలోనే. ఒక గుత్తి కోసుకుని తీసుకెళ్ళడానికే ఆయన రావడం.

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. కాళ్ళూ చేతులూ ఆడనప్పుడు కూడా ముందు శాంపిల్ తీసే అలవాటు. ల్యాబ్‌కి ఫోన్ చేసి సెలవు చెప్పి, వంటగట్టు మీద చిన్న సీసాలు వరసగా పెట్టింది. ఉప్పు సరిగ్గానే ఉంది. వేడి ఇరవై ఆరు. అమోనియా లేదు. అన్నీ బాగానే ఉన్నాయి, పగడం తప్ప.

భర్త షర్టు గుండీలు పెట్టుకుంటూ వచ్చి ఆమె చూపు చూసి ఆగిపోయాడు. నిన్న దోమల మందు కొట్టావా అనడిగితే కొట్టలేదన్నాడు. తొట్టిలో చెయ్యి పెట్టావా అంటే అదీ లేదన్నాడు.

"ఈ ఇంట్లో ఏది నలతపడినా మొదటి ముద్దాయిని నేనే. వేలిముద్రలు కూడా తీసుకుంటావా, లేక ఆఫీసుకి పోనిస్తావా?"

కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్న మామగారు మాత్రం నవ్వలేదు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. షాపు మూసేసినా, తెలిసినవాళ్ళు ఇచ్చిపోయే పాత గోడగడియారాలతో రోజు గడుపుతాడు. ఆ పొద్దున కంటికి భూతద్దం పెట్టుకుని, ఏ గడియారమూ లేని బల్ల వైపు చూస్తున్నాడు. ఆమె అది గమనించింది గానీ, అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

ఆమె నీళ్ళ డాక్టరుకి ఫోన్ చేసింది. చూసిందంతా చెప్పింది. తర్వాత ఆయన ఒకటే ప్రశ్న వేశాడు.

"నత్త పడిపోయి చేప బాగుందా?"

"అవునంకుల్."

"అయితే లోహం. రాగి అయ్యుంటుంది. చేప కొంత తట్టుకుంటుంది, వెన్నెముక లేనివాటికి విషం. ఎక్కడుందో వెతుకమ్మా. ముందు పగడాన్ని బయటికి తీసెయ్."

ఆమె కొత్త ఉప్పునీళ్ళు కలిపింది. కొలతలో అరగీత తేడా రాకుండా మూడుసార్లు చూసుకుంది. తెల్లటి బకెట్లో హీటరు, గాలి పంపు పెట్టి, రాయి ఎత్తింది. అప్పుడు కనిపించింది. గుత్తి మొదట్లో, రాతి పగుల్లోకి దూర్చి, రూపాయి బిళ్ళంత పళ్ళచక్రం. ఇత్తడిది. పళ్ళ మధ్య ఆకుపచ్చటి చిలుము.

ఇత్తడిలో సగానికి పైగా రాగే.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. మామగారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. భర్త సాయంత్రం వచ్చి చక్రాన్ని చూసి, నాన్నని నేను కదుపుతానన్నాడు. వద్దంది. మనిషి రెండు పూటలా సరిగ్గా అన్నం తినలేదు, ఇంకా ఏం కదుపుతావంది.

చక్రానికి దూరంగా ఉన్న గుత్తిని బ్లేడుతో కోసి, బకెట్లో చిన్న రాయికి ఆనించింది. ఏడు కాడలు. తొట్టిలో విషాన్ని పీల్చే బొగ్గు సంచీ వేసి, సగం నీళ్ళు మార్చింది. మిగిలిన పగడం శుక్రవారం మధ్యాహ్నానికి కరిగి జిగురైపోయింది. ఆ వాసనకి హాలు కిటికీలన్నీ తెరవాల్సి వచ్చింది. బకెట్లో ఏడు కాడలు కరగలేదు, లేవనూ లేదు. తల వంచుకుని అలాగే ఉన్నాయి.

శనివారం తొమ్మిదింటికి నీళ్ళ డాక్టరు మూతడబ్బా పట్టుకుని వచ్చాడు. నేరుగా వెళ్ళి మోకాళ్ళ మీద బకెట్ పక్కన కూర్చున్నాడు. బకెట్ మీద అమర్చిన దీపాన్ని రెండంగుళాలు కిందికి దించమన్నాడు. ఇక కదలొద్దన్నాడు. భార్యాభర్తలిద్దరూ నేల మీదే కూర్చున్నారు. మామగారు గది తలుపు తీసి గడప దగ్గర నిలబడ్డాడు.

అరగంట గడిచింది. గాలి పంపు బుడబుడ తప్ప చప్పుడు లేదు.

ముందు ఒక కాడ నిటారుగా అయింది. ఎవరో లోపలి నుంచి గాలి ఊదినట్టు మెల్లగా ఉబ్బింది. దాని చివర మొగ్గ విడింది. ఎనిమిది వేళ్ళు, ఒక్కొక్కటీ తన ఈకల్ని విప్పుకుంటూ, పూర్తిగా చాచుకున్నాయి. గోరంత కూడా లేని ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, ముడుచుకుంది. విచ్చుకుంది. మళ్ళీ ముడుచుకుంది. మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు. ఒంట్లో దాచుకున్న కంటికి ఆనని నాచు వెలుతుర్ని వండి పెడితే తిని, ఇరవై రెండేళ్ళుగా ఎన్నో ఇళ్ళల్లో ఇదే పని చేసిన జీవి, చచ్చేదాకా వచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది. కాసేపటికి రెండోది. తర్వాత ఒకేసారి మూడు.

భర్త నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నీళ్ళ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అయిదు చాలు, ఇది బతికేస్తుంది, వారం ఆగి తీసుకెళ్తానన్నాడు.

అప్పుడు మామగారు గడప దాటి వచ్చాడు. బకెట్లోకే చూస్తూ, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"ఆ చక్రం నేనే పెట్టానండీ. నలభై ఏళ్ళ అలవాటు, కొట్టుకునేది ఏది కనబడినా లెక్కపెట్టకుండా ఉండలేను. నువ్వు ల్యాబ్‌కి వెళ్ళగానే కుర్చీ లాక్కుని దీని ముందు కూర్చునేవాణ్ణమ్మా. రెండు వందల్లో ఒకదాన్ని పట్టుకుని లెక్కపెడదామంటే, రెప్ప వేసేలోగా ఏది ఏదో తెలిసేది కాదు. అందుకని ఆనవాలుకి దాని మొదట్లో చక్రం దూర్చాను. ఇనుమైతే తుప్పు పడుతుంది, ఇత్తడైతే ఏం కాదులే అనుకున్నాను. అంత తెలివి నాది. పంతొమ్మిది రోజులు లెక్కపెట్టాను. ఒకరోజు నిమిషానికి ముప్ఫై ఒకటి, ఇంకోరోజు నలభై. పక్కదానితో ఎప్పుడూ కలవదు. ఇలాంటి గడియారం నా బల్ల మీదికొస్తే పాడైపోయిందని చెప్పేవాణ్ణి. ఇది పాడవలేదు. నీళ్ళే ఆడిస్తున్నాయేమోనని పంపు ఆపి చూశాను, అయినా కొట్టుకుంది. స్ప్రింగు లేదు, కీ ఇచ్చేవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు జలదరించింది. బుధవారం మధ్యాహ్నం పన్నెండుకి ఆ ఒక్కటీ వాలిపోయింది, మిగతావి కొట్టుకుంటూనే ఉన్నాయి. అప్పుడే నీకు చెప్పాల్సింది. చెబితే ఇంక నన్ను దీని ముందు కూర్చోనివ్వవని భయపడ్డానమ్మా."