మావ చుట్టిన మిక్సీ

నరసన్నపేటలో జోగయ్య వైండింగుకి ఒక పేరుంది. హైవే పక్క సర్వీసు రోడ్డులో రేకుల షెడ్డు ఆయన కొట్టు. లోపల అడుగు వెయ్యాలంటే మోటార్లను దాటుకుంటూ పోవాలి. కాలిపోయిన మోటారు ఎవరు తెచ్చినా ఆయన ముందుగా అడిగేది ఒకటే: ఇది ఏ ఊళ్ళో నడుస్తుంది? లైను చివర ఉన్న ఊళ్ళలో కరెంటు నీరసంగా వస్తుంది. అక్కడి మోటార్లకి కంపెనీ లెక్క పనికిరాదు, చుట్లు తగ్గించి లావు తీగ వెయ్యాలి. ఏ ఊరికి ఎన్ని చుట్లో జోగయ్యకి నోటికి వచ్చు. ఆ విద్య పుస్తకాల్లోంచి రాలేదు. పాతికేళ్ళ పాటు రైతుల చేత తిట్లు తిని నేర్చుకున్నాడు.

అందుకే చెల్లెలు ధనలక్ష్మి కొత్త మిక్సీ తెచ్చి, తులసి పై చదువుకి పట్టుకెళ్తుంది, మన మిక్సీలు అక్కడ తిరగవంట అన్నప్పుడు కూడా జోగయ్య అదే ప్రశ్న వేశాడు. కెనడా, అంది ధనలక్ష్మి.

తులసి ఆమె ఒక్కగానొక్క కూతురు. తండ్రి జగన్నాధం కరోనా రోజుల్లో శ్రీకాకుళం ఆసుపత్రిలో పోయాడు. ఆఖరి రోజుల్లో ఆయన మంచం దగ్గరికి వచ్చి చేత్తో నీళ్ళు తాగించింది ఒక నర్సు మాత్రమేనని పక్క మంచం ఆయన తర్వాత చెప్పాడు. ఆ మాట విన్న రోజునుంచి తులసికి నర్సు చదువు తప్ప ఇంకో ఆలోచన లేదు. పిల్లలు లేని, ఆ మధ్యే గుండెకి స్టెంటు వేయించుకున్న జోగయ్యకి ఆ పిల్ల తప్ప ఇంకో లోకం లేదు. మేనకోడలు తెల్లబట్టలు వేసుకుని ఆసుపత్రి వరండాలో నడిచి వస్తుంటే చూసి కళ్ళు మూసుకుంటే చాలని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళు మోటారు సంగతి చెప్పయ్యా మహానుభావా అనేవారు.

కెనడాలో కరెంటు నూట పది అని తెలుసుకుని, మిక్సీ విప్పి, పాత చుట్లన్నీ పీకి, సగం కరెంటుకి సరిపడేలా మళ్ళీ చుట్టాడు. అక్కడి గోడలకి సరిపోయే రెండు బద్దల పిన్ను విశాఖపట్నం నుంచి తెప్పించి బిగించాడు. జెరాక్సు మిషన్లు బాగుచేసే స్నేహితుడి దగ్గర నూట పది ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు అరువు తెచ్చి, కొబ్బరి పచ్చడి రుబ్బి చూపించాడు. అంత మెత్తటి పచ్చడి తమ ఇంట్లో ఎప్పుడూ తినలేదని ధనలక్ష్మి మెచ్చుకుంది.

మిక్సీ పెట్టెలోకి ఎక్కిన మూడు వారాలకి వీసా రాలేదని కబురు వచ్చింది. అప్పటికే ఊరి జంక్షన్లో కెనడా వెళుతున్న తులసికి అభినందనలంటూ నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. వీధి వీధంతా భోజనాలకి వచ్చి, పిల్ల నెత్తిన అక్షింతలు వేసి వెళ్ళింది. ధనలక్ష్మికి ఊళ్ళో తల ఎత్తుకునే దారి కనబడలేదు. విదేశాల్లో సీట్లు ఇప్పించే విజయనగరం ఏజెంటు మాత్రం చలించలేదు. ఫిలిప్పీన్స్‌లో నర్సింగు సీటు సిద్ధంగా ఉందని, అదే నెలలో ఎక్కించేస్తానని అన్నాడు. ధనలక్ష్మి సరే అంది. ఊరికి మాత్రం కెనడా అనే ఉంచింది. అన్నకి కూడా చెప్పలేదు. అన్నకి చెబితే కొట్లో చెబుతాడు, కొట్లో చెబితే నరసన్నపేట సంతలో చాటింపు వేసినట్టే. బయటి దేశానికని చుట్టిన మిక్సీ ఏ బయటి దేశంలోనైనా తిరుగుతుందనే ఆమె అనుకుంది.

తులసి వెళ్ళిన పదో రోజు మధ్యాహ్నం ఫోను చేసింది. హాస్టలు తిండి నోటికి పోవడం లేదని, కొబ్బరికాయలు మాత్రం చవగ్గా దొరుకుతున్నాయని, పచ్చడి చేసుకుంటానని చెప్పింది. మంచు దేశంలో కొబ్బరికాయలేమిటా అని జోగయ్యకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. డబ్బున్న దేశం, అన్నీ తెప్పించుకుంటారులే అనుకున్నాడు.

కాసేపు అవీ ఇవీ మాట్లాడాక ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "మావా, ఇక్కడ గోడకి పిన్ను సరిగ్గా దూరతన్నాది. దూరితే కరెంటు కూడా సరిపోయినట్టేనా?"

జోగయ్యకి నవ్వొచ్చింది. ఇంత చదువు చదివి పిల్లకి ఇంత భయమేమిటి అనుకున్నాడు.

"ఆ దేశం కోసమే సుట్టినాను కదమ్మా. దూరితే సరిపోయినట్టే. ఏసెయ్."

అవతల పిల్ల ఏదో చెప్పబోయి మానుకున్నట్టుంది. తర్వాత, సరే మావా, అని పెట్టేసింది.

ఫిలిప్పీన్స్‌లో గోడకుండే బెజ్జాలు కెనడా బెజ్జాల్లాగే ఉంటాయి. వాటి వెనక వచ్చే కరెంటు మాత్రం మన కరెంటే, రెండువందల ఇరవై. సగానికి చుట్టిన మిక్సీ మీద అది ఒక్కసారిగా వచ్చి పడింది. ఇంట్లో చేసినట్టే తులసి అరచేత్తో మూత నొక్కి పట్టుకుని స్విచ్చి వేసింది. మోటారు కేక పెట్టి, కింద నిప్పు రవ్వలు లేచి, మూత ఊడి జారు ఎగిరిపడింది. కింద పడిపోతుందేమోనని పట్టుకోబోయిన కుడిచెయ్యి ఇంకా తిరుగుతున్న బ్లేడులోకి పోయింది. బొటనవేలికీ దాని పక్క రెండు వేళ్ళకీ నరాలు తెగిపోయాయి. అక్కడి డాక్టర్లు కుట్టారు. రెండు నెలలు చూసిన కాలేజీ వాళ్ళు, సూది పట్టలేని పిల్లని వార్డులోకి పంపలేమని చెప్పి ఇంటికి పంపేశారు.

మావ చుట్టిన మిక్సీ పేలి పిల్ల చెయ్యి పోయిందట. ఊళ్ళో ఆ మాట తులసి కంటే ముందే దిగింది. ధనలక్ష్మి అన్నని ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేది. అది తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. జోగయ్య అచ్చం అలాంటి మిక్సీనే ఇంకోటి కొని, అవే చుట్లు చుట్టి, ట్రాన్స్‌ఫార్మరు మీద రోజుల తరబడి తిప్పి చూశాడు. అది ఎక్కడా వేడెక్కలేదు. తప్పు దొరికితే తల గోడకి కొట్టుకుని ఏడ్చేవాడు, దొరక్క అన్నం మానేశాడు. తెచ్చిన మోటార్లు తెచ్చినట్టే పడి ఉన్నాయి.

తులసిని శ్రీకాకుళంలో చేతుల డాక్టరుకి చూపించే రోజున, వద్దంటున్నా వినకుండా ఆయన కూడా బస్సెక్కాడు. డాక్టరు వేళ్ళు వంచి చూశాడు, కాయితాలు తిరగేశాడు. నరాలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు ఇక వంగవు, మళ్ళీ కోసినా లాభం లేదు అన్నాడు. పెన్ను పట్టొచ్చా అని ధనలక్ష్మి అడిగింది. మెల్లగా పట్టొచ్చన్నాడు. సూది పట్టొచ్చా అని తులసి అడిగితే కాయితాల్లోకి చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత మాట మార్చడానికన్నట్టు, ఆపరేషను ఫిలిప్పీన్స్‌లోనే చేశారు కదూ, అక్కడ బాగానే చేశారు, అన్నాడు.

జోగయ్యకి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెల్లెలి వంక చూశాడు. ధనలక్ష్మి మందుల చీటీ పట్టుకుని గబగబా బయటికి వెళ్ళిపోయింది. వరండా బెంచీ మీద కూర్చుని జెరాక్సు స్నేహితుడికి ఫోను చేశాడు జోగయ్య. ఆ దేశంలో కరెంటు ఎంతరా అని అడిగాడు. జవాబు విని ఫోను జేబులో పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు. తన చుట్లలో తప్పు లేదు. ఇన్నాళ్ళుగా ఆ మాట కోసమే ప్రాణం కొట్టుకుంది. తీరా వచ్చాక కాణీకి కొరగాలేదు.

పక్కన తులసి తల దించుకుని కూర్చుంది.

"ఆరోజు ఫోన్లో నువ్వు అడిగినావు కదమ్మా," అన్నాడు. "ఊరి పేరు ఒక్కటి సెప్పుంటే నేను ముట్టుకోవద్దందును. ఎందుకు సెప్పనేదు?"

తులసి చెప్పింది. "అమ్మ నీ మీద ఒట్టేయించుకున్నాది మావా. కెనడా కాదని ఎవులికైనా సెప్తే నువ్వు మాకు దక్కవని. అప్పటికి నీ గుండెకి స్టెంటేసి ఆర్నెల్లు కానేదు. నోటిదాకా వచ్చింది. భయమేసి మింగేసినాను."

జోగయ్య వంగని ఆ మూడు వేళ్ళనీ తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఆసుపత్రి అని కూడా చూడకుండా ఏడ్చాడు. నా ప్రాణం ఎందుకే, నీ చెయ్యి ఉంటే చాలు కదా అని చెప్పాలనుకున్నాడు. ఆ మాట ఇప్పుడు ఆ పిల్లకి ఎందుకూ పనికిరాదు.

తిరుగు బస్సులో ధనలక్ష్మి వీధిలో ఉండే జగ్గమ్మ కలిసింది. వెనక సీట్లోంచి ముందుకి వంగి తులసి చెయ్యి చూసి, అయ్యో అంటూ రెండు కన్నీటి బొట్లు కార్చింది. తర్వాత జోగయ్య వైపు తిరిగింది. ఇన్నేళ్ళ చెయ్యి నీది, ఎక్కడ తప్పింది జోగయ్యా అని అడిగింది. చుట్టూ నాలుగైదు తలలు ఇటు తిరిగాయి. వాళ్ళలో ఇద్దరి మోటార్లు ఆయన షెడ్డులోనే ఉన్నాయి.

ధనలక్ష్మి అన్న వంక చూసింది. ఒక్క మాట అంటే చాలు, జోగయ్య పేరు జోగయ్యకి తిరిగి వచ్చేస్తుంది. కానీ ఆ అబద్ధం కాపాడటానికి పిల్ల తన చెయ్యి ఇచ్చేసింది. ఇప్పుడు తన పేరు కోసం దాన్ని బజారులో పెడితే, ఆ చెయ్యి దేనికి పోయినట్టు?

"కెనడా కరెంటు నాకు తెలీనేదు జగ్గమ్మా," అన్నాడు. "సుట్లు నేనే తప్పు ఏసినాను."

తులసి వద్దన్నట్టుగా ఆయన మోచెయ్యి పట్టుకోబోయింది. మూడు వేళ్ళు మడత పడక చెయ్యి జారిపోయింది.