అట్టపెట్టెకు కిటికీ

ఆషాఢమాసపు పడమటిగాలి కొండవాలుననున్న పొదలనెల్ల దువ్వుచు ఎర్రనేల ధూళిని ఆకసమున కెత్తుచు నాగటిసాలు వెంబడి వేరుసెనగ విత్తులు జారవిడుచు స్త్రీల పైటకొంగులను పతాకములవలె ఎగురవేయుచున్న యొక ఆదివారపు మధ్యాహ్నమున, ఊరివారెల్లరును చేలకు తరలిపోగా, కడపటి వీధియందలి పెంకుటింట నున్నవారు మువ్వురే. డెబ్బది యేండ్ల మునిరత్నమ్మ యొకతె. ఆమె కొడుకు కూతురైన వసుంధర యొకతె. కూతురి కూతురైన నాలుగేండ్ల కుసుమ యొకతె. వీరుగాక ఆ గృహమున ఆరేండ్లనుండి మనుష్యునికి దీటుగా గౌరవింపబడుచున్న అట్టపెట్టె యొకటి కలదు. దానినిగూడ లెక్కించినయెడల నలుగురని చెప్పవలసియుండును.

వసుంధర పదవ తరగతి చదువుచున్న బాలిక. హాజరు పిలుచునపుడు ఆమె పలుకు ఎంత మెల్లనిదనగా, రెండవ బల్లమీద కూర్చుండియే రెండుమారులు ఆమె గైరుహాజరుగా వ్రాయబడెను. ఆ తప్పును దిద్దింపవలెనన్న మరల మాటలాడవలెను గనుక ఆమె యూరకుండెను. ఇంటికి చుట్టములు వచ్చినపుడు నడిమింటి తలుపు వెనుక నిలిచి రెక్కకును గోడకును నడుమనున్న సందునుండి వారిని చూచుట ఆమెకు పరిపాటి. తాను కనబడక లోకమును కనుట ఆమెకు మిక్కిలి ప్రియమైన వ్యాసంగము.

కుసుమ తల్లియైన రేణుక రెండవ కాన్పునకై పట్టణపు ఆసుపత్రికి పోయి మూడుదినములయ్యెను. తోడుగా వసుంధర తల్లి పోయెను. బిడ్డను మాత్రము ఇచ్చట విడిచిరి. తల్లి నెక్కించుకొన్న ఆటో వీధిమలుపు తిరిగి మరుగైన క్షణముననే కుసుమ నోరు మూసికొనెను. ఏడువలేదు. పలుకలేదు. కుడిచేత వసుంధర లంగా అంచును పట్టుకొని ఆమె యెచ్చటికి పోయిన అచ్చటికి నీడవలె పోవుచు, ఉదయమున గ్రుక్కెడు పాలు సాయంకాలమున గ్రుక్కెడు పాలు తప్ప వేరొండు ముట్టకుండెను.

ఆనాడు కలిపిన ముద్ద మూడవమారు మరలి వచ్చినపుడు అవ్వ పళ్లెము దించి ఇట్లనెను.

“దీపాలు పెట్టే యాళకు ఇది ముద్ద మింగకపోతే అల్లునికి ఫోను చేయిస్తాను. వచ్చి పిలుచుకొని పోనీ.”

“ఆసుపత్రిలో పిల్లోళ్లను లోపలికి రానీరంట కదవ్వా” అని వసుంధర నేలచూపులతో పలికెను.

“రానీరు. లోపల తల్లి ఏడుస్తాది, వరండాలో బిడ్డ ఏడుస్తాది. ఈడ పస్తుండి పడిపోతే ఆ మాట నేను పడాల్నా?”

ఇట్లని అవ్వ పంచలో కొంగుపరచుకొని మేనువాల్చెను. వసుంధర అంట్లు తోముటకు దొడ్డికి పోయెను. గిన్నెలు సగము తోమినపిదప ఏదియో వెలితి తోచి క్రిందికి చూడగా లంగా అంచు వదులుగా గాలికి కదలుచుండెను. దానిని పట్టిన చేయి లేదు.

ఆమె మంచము క్రింద వెదకెను. బియ్యపు డ్రమ్ము వెనుక వెదకెను. కొట్టుగది గడపకడ నిలిచినంతట లోపలనుండి ఎలుక గీరినట్టి సవ్వడి వినవచ్చెను. ఆ సవ్వడి అట్టపెట్టెలోనిది.

ఆ పెట్టె చరిత్రము కొంత చెప్పవలసియున్నది. ఆరేండ్లక్రిందట ఇంటికి ఫ్రిజ్జు వచ్చిననాడు దుకాణపు పనివాడు పెట్టెను పారవేయవలదనియు అది లేనిచో వారంటీ చెల్లదనియు చెప్పిపోయెను. ఒక్క యేటికే యని అతడు చెప్పెనో లేదో ఎవరికిని జ్ఞప్తి లేదు. పెట్టె ప్రక్కన నల్లసిరాతో అచ్చువేసిన గొడుగు బొమ్మను చూచి, వానకు తడియనీయవలదని తెలుపు గుర్తది యని యెరుగక, తన వస్తువునకు కంపెనీవారు పట్టిన ఛత్రమే యదియని మునిరత్నమ్మ నిశ్చయించుకొనెను. గొడుగు ఉన్నంతకాలము భరోసా యుండునని ఆమె నమ్మిక. ఫ్రిజ్జు పిడి విరిగి పాతగుడ్డతో కట్టుకొనవలసి వచ్చినను పెట్టె మాత్రము కొట్టుగదియందు గోడవార పరుండి శుక్రవారము శుక్రవారము దుమ్ము దులిపించుకొనుచు ఒక్క నొక్కైనను లేక యుండెను. దానిలో వస్తువులు పెట్టుటకుగూడ అనుమతి లేదు.

వసుంధర భయపడి పెట్టె నోటికడ కూర్చుండి రెండు అట్టరెక్కలను తెరచెను. లోపల చీకటిమూలలో మోకాళ్లు ముడుచుకొనియున్న కుసుమ చిన్నవేళ్లతో ఆ రెక్కలను మరల దగ్గరకు లాగికొనెను. వసుంధర బెల్లపుముక్క చూపెను. రెక్కలు తెరువబడలేదు. దుప్పటి మడచి లోనికి నెట్టగా అది మరుక్షణమే వెలికి వచ్చిపడెను. విసుగుతో, దొడ్డినుండి తనవెంట తెచ్చిన గరిటెను నేలపై పెట్టగా, రెక్కల నడుమనుండి ఒక చేయి వెడలి ఆ గరిటెను లోనికి గొనిపోయెను.

దుప్పటి ఏల వలదు? గరిటె ఏల వలయును? ఈ చిక్కు వసుంధర మనస్సును పట్టుకొనెను. ఆమె అంట్ల మాట మరచి, అవ్వ మాట మరచి, కొబ్బరిచిప్ప నొకదానిని తెచ్చి పెట్టె వాకిట ఉంచెను. అదియు లోనికి పోయెను. డబ్బామూత పోయెను. రబ్బరుబంతి తిరిగి వచ్చెను. పాతచీర పీలిక పోయి చాలసేపటివరకు రాలేదు. తరువాత లోపల చిప్పలో గరిటె తిరుగు చప్పుడును, ఏదియో యొకదానిని జోకొట్టు చప్పుడును, వాని నడుమ మూడుదినములుగా ఎవరును వినని సన్నని గొంతు గొణుగుడును వినవచ్చెను. వసుంధర ఊపిరి బిగబట్టి పెట్టెకు చెవి ఆనించెను. ప్రశ్న అడిగినచో పిట్ట ఎగిరిపోవునని ఆమెకు తెలియును. తన్ను ప్రశ్నించినవారిముందు తానును అట్లే ఎగిరిపోయెడిది గదా.

కొంతసేపటికి పెట్టెగోడపై లోపలనుండి మూడుదెబ్బలు పడెను.

“వదినా, కిటికీ లేదు.”

మేనమామ కూతురిని వదినయని పిలుచుట ఆ కుటుంబముల వాడుక. ఆ పిలుపు విని వసుంధర కన్నులు చెమర్చెను. కిటికీ యనగా కోయవలెను. కోయుటయనగా ఆరేండ్ల భరోసాను కత్తితో పొడుచుటయే. ఐనను తలుపుసందు లేని చీకటిలో నిలిచి చూడనేరని తన కన్నులు ఎట్లు తపించునో తలంచుకొని ఆమె లేచి కూరగాయలు తరుగు చిన్నకత్తిని తెచ్చెను. గొడుగును తాకక, దానికి సరిగ్గా క్రిందుగా, పుస్తకమంత చదరమును గీచి కోసెను. కోసిన రంధ్రమునుండి ఒక కన్ను చూచెను. ఆ కన్ను గదిని, గోడను, వసుంధరను, కత్తిని క్రమముగా పరికించి అసంతృప్తి చెందెను.

“కమ్ములు లేవు. కోతి వస్తాది.”

వసుంధర చీపురునుండి అయిదు పుల్లలు తీసి అట్టలో గ్రుచ్చుచుండగా వెనుకనుండి తాళపుచెవుల గలగల వినబడెను. అవ్వ గడపలో నిలిచియుండెను. ఆమె చూపు కత్తిమీద నుండి అట్టతునకమీదకు, అట్టతునకమీద నుండి కిటికీమీదకు పోయి అచ్చటనే నిలిచెను.

“ఏమే, హాజరు చెప్పేదానికి సిగ్గు. కత్తి పట్టేదానికి మాత్రం లేదా నీకు?”

అంతలో కమ్ముల వెనుకనుండి గద్దింపు వినవచ్చెను.

“ఎవురది? గట్టిగా అరవొద్దు. అమ్మ పండుకొనుంది. పాప పుట్టింది.”

మునిరత్నమ్మ గోడ పట్టుకొని మెల్లగా నేల కూర్చుండి కిటికీకడకు ముఖము చేర్చెను. లోపల పీలికతో చుట్టబడిన డబ్బామూత పసిపాపయై పరుండియుండెను. దాని ప్రక్కన చిప్ప కంటికి కనబడని పొయ్యిమీదనుండెను.

“నేనేనమ్మా, మీ అవ్వను. బాలింతరాలికి ఏం పెట్టినావు?” అని ఆమె గుసగుసలాడెను.

“ఇంకా ఉడకలా.”

“మా ఇంట్లో రాగిసంగటి ఉండాది. తెచ్చేదా?”

లోపల ఆలోచన జరిగెను. “రెండు ముద్దలు. అమ్మకొకటి, నాకొకటి. కారం వద్దు.”

ఆ వృద్ధురాలు పాతికయేండ్ల పడుచువలె లేచిపోయి రెండు చిన్నముద్దలను నేతిలో అద్ది పళ్లెమున తెచ్చెను. అట్టరెక్కలు తెరువబడి పళ్లెము లోనికి పోయెను. అవ్వయు మనుమరాలును ఒకరి మొగ మొకరు చూడక చెవులొగ్గి కూర్చుండిరి. నమలు సవ్వడి వినబడెను. కొంతసేపటికి పళ్లెము వెలుపలికి వచ్చెను. కుసుమ ముద్దయు లేదు. తల్లి ముద్దయు లేదు.

మునిరత్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని లేచి, వంగి, గొడుగు బొమ్మను వ్రేలితో తడవి చూచెను.

“గొడుగు తెగలేదులే. కిటికీకి చూరు మాదిరి ఉండాది” అని, “ఫోను వద్దు” అని చెప్పి పంచకు మరలెను.

పొద్దు వాలి కొట్టుగదిలోనికి ఏటవాలు వెలుగు వచ్చి చీపురుపుల్లల నీడలు పెట్టె లోపల చారలుగా పడెను. గరిటెయు చిప్పయు అచ్చట ఏ విధముగా నమర్పబడియుండునో, పొయ్యి ఏ దిక్కున నున్నదో, బాలింతరాలైన ఆ తల్లి ఏ మూల పరుండియున్నదో చూడవలెనను కోరికను వసుంధర ఆపుకొనలేక వాకిట మోకరిల్లెను.

“నేనూ లోపలికి వచ్చేదా, కుసుమా?”

“నువ్వు పెద్దదానివి, పట్టవు. పోయి హోంవర్కు రాసుకో వదినా.”

ఒకరికి నిలువ నీడ కల్పించినవారు ఆ నీడకు వెలుపల నిలుచుటయు నేర్వవలయునని పెద్దలు చెప్పుదురుగాక, అది నేర్చుట యంత సులభము కాదు. వసుంధర ఇంకను కదలక కూర్చుండియుండగా, మూడుదినములు ఆమె లంగా అంచును విడువని ఆ చిన్నచేయి, సంగటి యంటిన వ్రేళ్లతో, అట్టరెక్కను పట్టుకొని ఆమె ముఖముముందు తలుపు మూసెను.