చేరాక ఒక ఫోను

మా ఇల్లు గుణదలలో, మేరీమాత కొండకు వెళ్ళే దారిలో ఉంటుంది. ఏటా ఫిబ్రవరిలో తిరునాళ్ళు వచ్చాయంటే మా వరండా మాది కాదు. పామర్రు నుంచి, ఉయ్యూరు నుంచి, అవనిగడ్డ నుంచి వచ్చినవాళ్ళు చాపలు పరుచుకుని పడుకుంటారు. కుండలో మంచినీళ్ళు ఉంచుతాను, పొద్దున్నే టీ కాస్తాను. వెళ్ళేటప్పుడు వాళ్ళ దగ్గర నేను అడిగేది ఒక్కటే, ఫోను నంబరు. "చేరాక ఒక ఫోను చెయ్యండి" అంటాను. వాళ్ళు చెయ్యకపోతే నేనే చేస్తాను. చేరామన్న మాట వినేదాకా నాకు అన్నం సయించదు.

మా ఆయన లారీ నడిపేవాడు. ఒకసారి వెళ్ళొస్తానని బయల్దేరాడు, చేరాల్సిన ఊరు చేరనూ లేదు, తిరిగి రానూ లేదు. ఫోన్లు లేని రోజులు, ఆ సంగతి నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. నేను బడికి పోలేదు. ఆటోనగర్‌లో ఆయన బండి బాగుచేయించుకునేటప్పుడు పక్కన కూర్చుని, ఆగి ఉన్న లారీల వెనక రాతలు చూసి అక్షరాలు నాకు నేనే కూడబలుక్కున్నాను. ఆ చదువుతోనే ఇప్పుడు ఫోన్లో పేర్లు ఎక్కిస్తాను. పేర్లకంటే మనుషులే బాగా గుర్తుంటారు కాబట్టి "పామర్రు నీలం చీర" అనీ, "ఉయ్యూరు కవలల తల్లి" అనీ, "అవనిగడ్డ దగ్గు తాత" అనీ రాసుకుంటాను.

నా మనవరాలు దీవెన నా దగ్గరే ఉంటుంది. ఆటోనగర్‌లో జాహిద్ గారి దుకాణంలో పని. బండ్లకు వేసే బెల్టులూ బేరింగులూ అమ్ముతారు. సంచీలో నమూనాలు వేసుకుని, స్కూటీ మీద షెడ్డు షెడ్డుకీ తిరిగి మెకానిక్‌లతో మాట్లాడి ఆర్డర్లు తేవడం దాని పని. పొద్దున్న అది గేటు దాటుతుంటే నా గుండె దాని వెనకే వెళ్ళేది. షెడ్డు చేరిన ప్రతిసారీ ఫోను చేసేది పాపం. "అమ్మమ్మా, చేరా. మళ్ళీ ఇంకోచోటికి వెళ్తున్నా, అక్కడా చేరతా. నువ్వు కాఫీ తాగు" అనేది.

కరోనా మొదటి ఏడాది, లాక్‌డౌన్ పెట్టిన వేసవిలో అన్నీ ఆగిపోయాయి. లారీలు నిలిచిపోయాయి, షెడ్లు మూతబడ్డాయి. వ్యవసాయ సామాన్ల కొట్లను మాత్రం పొద్దున్న కాసేపు తెరవనిచ్చారు. ఒకరోజు జాహిద్ గారు ఫోను చేస్తే, దీవెన నాకూ వినబడేట్టు స్పీకరు పెట్టింది.

"చూడమ్మా, లారీల గిరాకీ ఇప్పట్లో లేదు. తిరిగేవి కోత మిషన్లూ ట్రాక్టర్లే. వాటి సరుకు మన దగ్గరుంది గానీ పల్లెల్లో మనల్ని ఎరిగినవాడు లేడు. ఈ నెలాఖరులోగా అటువైపు కొత్తవాళ్ళు దొరికితే సరే. లేదంటే దుకాణానికి నేనూ మా తమ్ముడూ చాలు. ఏమనుకోకు తల్లీ."

"వెళ్తేగా సార్ దొరికేది? ఏ ఊరికి పోదామన్నా ఊరి మొగదల తుమ్మకంప అడ్డం వేశారు. బయటి మనిషిని రానివ్వట్లేదు."

"అదేగా తంటా" అన్నారాయన.

ఆ మాట ఎలా చేరిందో రాజమండ్రిలో మా అమ్మాయి క్రిస్టినాకి చేరిపోయింది. "ఆ ఉద్యోగం పోతే అక్కడ ఏం చేస్తావే? దారులు తెరవగానే వచ్చెయ్. మీ నాన్న బట్టల కొట్లో అడిగి ఉంచాడు" అంది కూతురితో. కన్నతల్లి, ఆమె అడగడంలో తప్పు లేదు. కానీ దారులు తెరుచుకోవాలని ఊరంతా ప్రార్థిస్తుంటే, నేను తెరవమనీ అడగలేక, వద్దనీ అడగలేక, జపమాల పట్టుకుని ఊరికే పూసలు జరిపేదాన్ని. దీవెన వెళ్ళిపోతే ఆ గేటు దగ్గర నేను చూడాల్సిన మనిషి ఉండదు.

అది ఊరుకోలేదు. నెట్లో ఎక్కడెక్కడి మెకానిక్‌ల నంబర్లో వెతికి చేసింది. తెలియని నంబరంటే సగంమంది ఎత్తలేదు. ఎత్తినవాళ్ళు "లోను వద్దమ్మా" అని పెట్టేశారు.

"లోను కాదండీ, బెల్టులు" అని ఒకాయనతో గబగబా అంది.

"బెల్టుకి కూడా లోనిస్తున్నారా?" అని ఆయనా పెట్టేశాడు.

మర్నాడు నా ఫోన్లో ఏదో సరిచేస్తూ ఆగిపోయింది. "అమ్మమ్మా, ఇన్ని నంబర్లున్నాయేంటి నీ దగ్గర? అన్నీ డెల్టా ఊళ్ళే. నేను ఊరంతా వెతుకుతుంటే..."

"అవి తిరునాళ్ళవాళ్ళవే. నీళ్ళిచ్చి తీసుకున్న నంబర్లు. సరుకు అమ్మడానిక్కాదు."

"ఒక్క మెసేజే. ఇష్టం లేకపోతే చూడరు, అంతేగా."

నాకు మనసొప్పలేదు. కానీ వద్దంటే రాజమండ్రి, ఊ అంటే నామోషీ. నేను ఏమీ అనకుండా బియ్యం ఏరుతూ కూర్చున్నాను. అది నా ఊరుకోవడాన్నే ఊకొట్టడం కింద తీసుకుంది. ఇంగ్లీషులో రంగురంగుల కాగితంలాంటిది ఒకటి తయారుచేసి, మధ్యలో బెల్టు బొమ్మ పెట్టి, నా ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారే పంపేసింది.

బెల్టు కావాలని ఒక్కరూ అడగలేదు. సాయంత్రం అయ్యేసరికి మాత్రం నా ఫోను మోగడం మొదలుపెట్టింది.

"తెరేసమ్మ గారి ఫోనేనా? ఎవరు మాట్లాడేది?" ఉయ్యూరు కవలల తల్లి గొంతు. పోలీసులా అడిగింది.

"నేనేనమ్మా."

"మీరేనని ఏంటి నమ్మకం? మొన్న తిరునాళ్ళలో నా చెప్పులేమయ్యాయో చెప్పండి."

"ఒకటి కుక్క ఎత్తుకుపోయింది. రెండోది కోపమొచ్చి నువ్వే విసిరేశావు."

"హమ్మయ్య, మీరే. మీ ఫోను ఎవడో దొంగిలించాడని భయపడి చచ్చాం. ఏదో ఇంగ్లీషు కాగితం వచ్చింది."

అలా ఒకరి తర్వాత ఒకరు. అందరిదీ ఒకటే భయం. ఫోను పోయిందేమో, లేక నేనే పోయానేమో అని. దీవెన తల పట్టుకుంది. "మార్కెటింగ్ చేస్తే పరామర్శలొస్తున్నాయి" అంది. నాకు సిగ్గుగానే ఉంది, లోపల ఎక్కడో చల్లగానూ ఉంది. మూసుకున్న ఊళ్ళన్నిటిలోంచి నేను చేరానో లేదోనని అడుగుతున్నారు.

చీకటిపడే వేళ పామర్రు నీలం చీర చేసింది. పేరు అమలమ్మ. పామర్రు పక్క పల్లె, మొగుడు అంతోని సొంత కోత మిషను నడుపుతాడు.

"బాగున్నారా అత్తా? పొద్దున ఏదో బొమ్మ వచ్చింది మీ ఫోన్లోంచి, నల్లగా చుట్టలు చుట్టుకుని. పామేమో, ఎక్కడ తొక్కారో అనుకున్నా. ఈయనకి చూపిద్దామంటే పొలం నుంచి ఇప్పుడే వచ్చాడు."

పాము కాదని చెప్పాను. బెల్టు అని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పిల్లల సంగతి, ఎండల సంగతి, గుడి తలుపులు మూసిన సంగతి మాట్లాడుకున్నాం. ఉంటానత్తా అంది. మంచిదమ్మా అన్నాను.

ఫోను ముందు పెట్టేయడం నాకు చేతకాదు. అవతలివాళ్ళే వెళ్ళాలి, నేను గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడాలి. అమలమ్మ కూడా పెద్దదాన్నని నాకంటే ముందు పెట్టదు.

"పెట్టెయ్యండత్తా."

"నువ్వు పెట్టు తల్లీ."

"ముందు మీరు."

వెనకనుంచి మగగొంతు వినబడింది. "మీ ఇద్దరి మర్యాదలూ అయ్యాక ఆ ఫోను ఇటియ్యండి. మిషను చేలో పడి ఉంది. ఆ బెల్టు ఎక్కడ దొరుకుద్దో గుడివాడ వాణ్ణి అడగాలి."

"అమ్మా, పెట్టకు" అన్నాను. "దీవెనా, ఇటురా" అని కేకేశాను. అది పెరట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది, నాకేదో అయిందనుకుని.

అంతోని చెప్పిందాన్నిబట్టి, మిషను బెల్టు తెగి అప్పటికే నాలుగైదు రోజులు. వరి ఎండి రాలిపోతోంది. మబ్బులు పడుతున్నాయి. అతను వేసిన చేలే కాక, కోసిపెడతానని మాటిచ్చిన పక్కవాళ్ళవీ ఉన్నాయి. ఎప్పుడూ కొనే కొట్టు మూసేశారు.

"బెల్టు మీద నంబరుంటుంది, చూసి చెప్పండన్నయ్యా" అంది దీవెన.

"అరిగిపోయింది."

"అయితే నేల మీద పరిచి పొడవు కొలవండి. టేపు ఉందా?"

"మా ఆవిడ మిషను కుట్టుద్ది, దాని టేపుంది." కాసేపు గొణుగుళ్ళు వినిపించాయి. "రాసుకో. రెండు టేపులూ ఒక జానా."

"ఎవరి జానండీ? మీదా, అక్కదా?"

అవతల అమలమ్మ నవ్వింది. "నాది కాదమ్మా, ఆయనదే. బెల్టు తీరా వచ్చాక పొట్టిదైతే నా మీద పెడతాడు."

దీవెన విసుక్కోకుండా మళ్ళీ కొలిపించింది. జానని టేపుతోనే కొలవమంది. పైన వెడల్పు అడిగింది, కింద వెడల్పు అడిగింది, లోపల పళ్ళున్నాయా అంది, కప్పీ దగ్గర ఫోటో తీయించింది. అంతా జాహిద్ గారికి పంపింది. ఆయన వెంటనే, ఉంది, రెండున్నాయి అన్నారు.

ఇక ఎలా చేర్చడం అన్నదే మిగిలింది. ఊళ్ళోకి ఎవరూ పోకూడదు. దానికి మాత్రం నేను పనికొచ్చాను. అమలమ్మ గేదెలు పెట్టుకుంది, పాలు కేంద్రానికి పోస్తుంది. ఆ పాలు తీసుకుని విజయవాడ వచ్చే వ్యాను ఖాళీ క్యాన్లతో వెనక్కి వెళ్ళాలి కదా అన్నాను. పాలబండ్లకు అడ్డం లేదు. దీవెన నా వంక చూసి, డ్రైవరు నంబరు కనుక్కోమని అమలమ్మతో అంది.

మర్నాడు బెల్టు వ్యానెక్కింది. ఇంక నా అవస్థ ఏం చెప్పను. మనిషి ప్రయాణమైతే ఒక రకం, ఇది నల్లని రబ్బరు ముక్క. అయినా కంకిపాడు దాటి ఉంటుందా, ఉయ్యూరు దాటి ఉంటుందా అని అడుగుతూనే ఉన్నాను. "అమ్మమ్మా, దానికి కాళ్ళు లేవు, దారి తప్పదు" అంటూ దీవెన నవ్వింది గానీ, దాని గోళ్ళు అదీ కొరుక్కుంటోంది. బెల్టు సరిపోకపోతే, డెల్టాలో మొదటి బేరమే చివరి బేరం.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోను మోగింది. అంతోని. వెనక పెద్ద చప్పుడు.

"చేరిందత్తా. డ్రైవరు తుమ్మకంపకి తగిలించి పోయాడు. ఎక్కించా. వింటున్నారుగా?"

విన్నాను. మిషను పళ్ళు కొరుకుతున్నట్టు తిరుగుతోంది. అంత మంచి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఆ పూట అన్నం మళ్ళీ వడ్డించుకుని తిన్నాను.

అంతోని ఆ రెండో బెల్టు కూడా అడిగాడు, పక్క ఊరి మిషనువాడికట. ఆ తర్వాత పామర్రులో షెడ్డున్న యేసుబాబు అనే మెకానిక్, అంతోని పేరు చెప్పి చేశాడు. దీవెన ఇంక కాగితాలు పంపలేదు. సాయంత్రాలు నా పక్కన కూర్చునేది. నేను ఒక్కొక్కరికీ చేసి క్షేమం అడిగేదాన్ని. అంతా అయ్యాక, "మా మనవరాలు మీతో ఒక మాట మాట్లాడుతుందట, ఇష్టమైతేనే" అనేదాన్ని. సరుకు అందినట్టు అవతలివాళ్ళు ఫోను చేసి చెప్పేదాకా దీవెన కూడా నాలాగే గుమ్మంలో తిరిగేది.

అందరూ మంచిగా మాట్లాడలేదు. "తిరునాళ్ళలో నీళ్ళు పోసింది ఇందుకా?" అన్నాడొకాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆయనకి మళ్ళీ చెయ్యలేదు. అవనిగడ్డ దగ్గు తాతకి చేస్తే కొడుకు ఎత్తాడు. నాన్న సంక్రాంతికి ముందే పోయాడండీ, తిరునాళ్ళకి రాలేదుగా అన్నాడు. నేను ఫోను పెట్టేయలేదు. అతనూ పెట్టేయలేదు. ఆ నంబరు నేను తీసెయ్యలేదు.

నెలాఖరున జాహిద్ గారు మళ్ళీ చేశారు. ఈసారి నాకే.

"సలాం అమ్మా. పామర్రు వైపు మనకి షెడ్లు కుదిరాయి. దీవెన ఎక్కడికీ పోనక్కర్లేదు. మీరూ దుకాణానికి వచ్చి కూర్చుంటానంటే కుర్చీ వేయిస్తా."

"కూర్చుంటే ఫోను పెట్టదండీ, మీకు బిల్లు పేలిపోద్ది" అంది దీవెన పక్కనుంచి.

దారులు తెరిచాక క్రిస్టినా మళ్ళీ రమ్మంది. నాట్లకి ముందు చేలు దమ్ము చేసే కాలం వస్తోందమ్మా, ట్రాక్టర్లకి పని, ఇప్పుడు రాలేను అంది దీవెన. మా అమ్మాయి రెండు రోజులు అలిగి, మూడోరోజు మామిడికాయ పచ్చడి పార్సిలు పంపింది. చేరిందని దానికి నేనే ఫోను చేశాను.

కాలవలకు నీళ్ళొదిలిన వారం దీవెన మొదటిసారి పామర్రు బయల్దేరింది. ఇన్నాళ్ళూ గొంతులే తెలిసినవాళ్ళ ముఖాలు చూడాలట. మాస్కు సరిచేసుకుని, సంచీ తగిలించుకుని గేటు దాటింది. నా గుండె మామూలుగానే దాని వెనక వెళ్ళింది. పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలేదు.

ఎండెక్కాక ఫోను వచ్చింది. "అమ్మమ్మా, చేరా. అంతోని అన్నయ్య నీకంటే పొడుగు, జాన మాత్రం చిన్నదే."

"ఎవరి జానా?" అని అమలమ్మ గొంతు, పక్కనే. "అత్తా, పిల్లకి రొయ్యల కూర వండా. తిన్నాకే పంపుతా."

"మంచిదమ్మా."

"ఉంటానత్తా."

ఫోను ఎవరూ పెట్టలేదు. అరుగు మీదో ఎక్కడో పెట్టేసి మరిచిపోయినట్టున్నారు. గిన్నెల చప్పుడు, ట్రాక్టరు చప్పుడు, కూర చాలక్కా చాలు అని దీవెన మాట వినిపిస్తున్నాయి. నేను కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.