మూడో ఆదివారం ప్రకటన

డిగ్రీ పిల్లలకు నేను చెప్పే పాత ఇంగ్లీషు నవలలో ఇద్దరు స్నేహితురాళ్లుంటారు. ఒకామె మనసుకు నచ్చలేదని ఓ పాదిరిని కాదంటుంది. రెండో ఆమె అతన్నే చేసుకుంటుంది. మొదటామె ధీర, రెండో ఆమె సర్దుకుపోయే మనిషి అని ఏటా చెబుతాను. పిల్లలు అదే రాస్తారు, మార్కులూ వేస్తాను.

ప్రిస్కిల్లా, మెర్సీ ఆ పాఠం నా దగ్గరే విన్నారు. ఇద్దరూ కోటబొమ్మాళిలో మా చర్చి పిల్లలే. చదువులైన కొన్నేళ్లకు, 2014లో, ఎలీషా అనే బడిపంతులు ప్రిస్కిల్లాను చూడ్డానికి వచ్చాడు. మంచివాడే, కానీ అబ్బో, ఆ నోరు! కాఫీకి ముందు ప్రార్థన చెయ్యమంటే తన ఉద్యోగం, రాబోయే ప్రమోషన్ అన్నీ దేవుడికి వివరించాడు. కాఫీ చల్లారిపోయింది. ప్రిస్కిల్లా వద్దంది. వాళ్ల నాన్న సీమోను సరేనన్నాడు.

నెల తిరక్కుండా అతను మెర్సీని అడిగాడు. అన్నావదినల ఇంట్లో వాళ్ల పిల్లల్ని పెంచుతూ, ఊళ్లోవాళ్ల జాకెట్లు కుడుతూ ఉండే మెర్సీ ఒప్పుకుంది.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఫలానావాళ్లకు పెళ్లని ప్రకటన చదువుతారు. "అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలి" అంటారు పాస్టరుగారు. ఎవరూ చెప్పరు, పాట మొదలవుతుంది. మెర్సీ పెళ్లి ప్రకటన చదివిన మూడో ఆదివారం ప్రిస్కిల్లా లేచి నిలబడింది. నిజం చెప్పొద్దూ, నా పాఠం ఒంటబట్టిందని సంతోషం వేసింది.

"నాకున్నాది అయ్యగారూ," అంది. "ఆయనకి దీనిమీద మనసు లేదు. నేను కాదన్నానని దీన్నడిగాడు. ఇదేమో వదిన పోరు పడలేక ఒప్పుకుంది. ఇదేటి పెళ్లి?"

మగవాళ్ల వైపు కూర్చున్న ఎలీషా లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. పాస్టరుగారు కాగితం కిందకి దించారు.

"నువ్వేటంటావు మెర్సీ? ఆపీమంటే ఆపేస్తాను."

మెర్సీ లేచింది.

"అది సెప్పిందంతా నాకు తెలుసు అయ్యగారూ. ఒసే ప్రిస్కిల్లా, నువ్వు వద్దన్నావు, మీ నాన్న ఇన్నాడు. మా ఇంట్లో నేను అవునన్నా కాదన్నా ఇన్నోడు లేడు. ఈయన మా అన్నతో మాటాడేసి ఊరుకోలేదు. నా కుట్టు మిషను కాడికొచ్చి, నీకిష్టమేనా, కాదంటే ఎల్లిపోతాను అన్నాడు. నన్నడిగినోడు ఈయనొక్కడే. నువ్వు కూడా అడగలేదు కదే. అడక్కుండానే లేచి నిలబడ్డావు."

ప్రిస్కిల్లాకు ఏడుపొచ్చేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇప్పుడడుగుతన్నాను. ఇష్టమేనేటే?"

"ఇష్టమే. ఇంక కూకో."