గోడ ఎక్కని పళ్ళేలు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది. ఆ వేళ మాత్రం నాది న్యాయమైన కోపమే.

ఇంటికి సున్నాలు వేయించాలని అటక ఖాళీ చేస్తున్నాను. నిచ్చెన పట్టుకుని కింద మా మేనత్త నిలబడింది. పడితే నన్ను మోసే ఓపిక తనకు లేదని పావుగంటలో నాలుగుసార్లు చెప్పింది. పాత పరుపు వెనకాల ఒక గోనెసంచి తగిలింది. లాగితే భుజం పట్టేసింది. ఎలాగో దించి విప్పాను. లోపల ఐదు ఇత్తడి పళ్ళేలు. తినేవి కావు, గోడకు పెట్టేవి. కొత్త భవనం కట్టినప్పుడో, వంతెన తెరిచినప్పుడో గుర్తుగా దాని బొమ్మ ఉబ్బెత్తుగా కొట్టించి పెడతారే, అలాంటివి. బాగా నల్లబడిపోయాయి. బొమ్మ కింద పేరూ తారీఖూ ఉండాల్సిన పట్టీ మాత్రం ఐదింటికీ బోడిగా ఉంది.

మనింట్లో నిధి దొరికిందని అరిచాను. అత్త మొహం చూశాక నా సరదా అక్కడే చచ్చింది.

"మూట కట్టెయ్యవే. అది దొంగసొమ్ము. మీ తాత గోడలమీంచి పీక్కొచ్చాడు."

అత్త చేత ఆ మాటకు ముందూ వెనకా చెప్పించడానికి నాకు ఆ పూటంతా పట్టింది. తాత పోయేనాటికి అత్తకు పదేళ్ళు, మా నాన్న ఉయ్యాల్లో ఉన్నాడు. తాత ఇత్తడి దుకాణంలో పనిచేసేవాడు. ఏం పనో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు, ఆయన నోట్లో నాలుక లేని మనిషట. ఆయన పోయిన వారానికి తాత అన్న, అంటే అత్తకు పెదనాన్న, తాత మంచం కింద ఈ సంచి చూశాడు. ఆ రోజుల్లోనే ఆఫీసు గోడలమీద ఇత్తడి పళ్ళేలు మాయమవుతున్నాయని ఊరంతా గోలగా ఉందట. కొలిమి దగ్గర తిత్తి ఊదే కూలీకి ఇవెక్కడివని ఆయన అన్నాడు. బయటికి పొక్కితే పరువు పోతుంది, నోరు విప్పకు అని పిల్లను బెదిరించాడు. పిల్ల విప్పలేదు. అరవై రెండేళ్ళు విప్పలేదు. సొంత తమ్ముడికి కూడా చెప్పకుండా, ఏ పాపం ఎరగని మనిషి తేలు కుట్టిన దొంగలా బతికింది.

ఇక నాకు ఒళ్ళు మండదా? పోయినవాళ్ళను ఏమీ అనకూడదంటారు. పిల్లను బెదిరించిన ఆ పెద్దమనిషిని నోటికొచ్చినట్టు అన్నాను. అత్త ఆపలేదు సరికదా, మధ్యలో నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చింది. నేను అలిసిపోయి ఊరుకున్నాక ఒకటే అడిగింది. "ఎవరివో కనుక్కోవే. నేను పోయేలోపు నా చేత్తో ఇచ్చేస్తాను. ఆ మచ్చ ఆయన పేరుమీద ఉండగా నాకు చావు కూడా సుఖంగా రాదు."

ఫోన్లో ఫొటోలు తీసుకుని మూడు రోజులు తిరిగాను. ఒక బొమ్మలో పొడుగాటి గోపురం, పక్కన మూడు పెద్ద తలుపులు. పోస్టాఫీసు గుమాస్తా రైల్వే స్టేషన్ అన్నాడు. రైల్వే స్టేషన్లో మహారాజు మేడ అన్నారు. మార్కెట్ కాపలాదారు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, అసలు ఇలాంటి భవనం భూమ్మీద లేదని తేల్చాడు. కాళ్ళు పీకడం తప్ప ఒరిగింది లేదు. చివరికి గిన్నెలకు మాట్లు వేసే ఒకాయన, పాత నగిషీ పనివాడు ఇంకా ఉన్నాడు, ఆయన్ను అడగమని దారి చెప్పాడు.

నాలుగోనాడు అత్త తానూ వస్తానంది. ఏది విన్నా తన చెవులతోనే వింటుందట. సంచి నాకు మోయడానికి ఇచ్చి, తాను ముందు నడిచింది.

నగిషీ పెద్దాయనకు ఎనభై దాటి ఉంటాయి. చిన్న గది, కిటికీ కింద పనిబల్ల, బల్లనిండా సన్నటి ఉలులు. చెప్పాల్సింది అత్త చెప్పలేక నీళ్ళు నమిలితే నేనే మొత్తం చెప్పేశాను, దొంగతనం మాటతో సహా. ఆయన బొమ్మలవైపు చూడనైనా లేదు. పళ్ళేలన్నీ బోర్లించి, అంచుల వెంట బొటనవేలు పోనిచ్చాడు.

"వీటికి చిల్లేదమ్మా?" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. పని అంతా అయ్యాక, ఆఖరున, పైన చిల్లు పెట్టడమో వెనక కొక్కెం అతికించడమో చేస్తారట. అది లేనిదే పళ్ళెం వేలాడదు. "ఇవి ఏ గోడా ఎక్కలేదు చెల్లెమ్మా. ఎక్కనిదాన్ని పీకడం ఎవరి తరం?"

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతటితో ఊరుకోవచ్చుగా నేను? నా నోరు పడిపోనూ, మరి దుకాణంలోంచే ఎత్తుకొచ్చి ఉంటేనో అనేశాను. అత్త నా చెయ్యి వదిలేసింది. నాలుక కొరుక్కున్నాను, ఏం లాభం.

పెద్దాయన నావైపు ఒక చూపు చూసి, ఒక పళ్ళెం వెనక వేలు పెట్టి చూపించాడు. అడ్డంగా లోతుగా ఒక ఉలి గీత. ఐదింటికీ ఉంది. తాత పోయిన కొన్నాళ్ళకు ఆయన కూడా కుర్రతనంలో ఆ దుకాణంలోనే పని నేర్చుకున్నాడట. అక్కడ చెడిపోయిన పళ్ళేన్ని కరిగించేవాళ్ళు కాదు. యజమాని స్వయంగా వెనక గీత కొట్టి, చెడగొట్టినవాడికే ఇచ్చి ఇంటికి పంపేవాడు. తప్పు కళ్ళెదురుగా ఉంటే చెయ్యి జాగ్రత్తపడుతుందని ఆయన నమ్మకం. ఆ తర్వాత అదే మనిషి మళ్ళీ మొదట్నుంచి మంచిది చేసివ్వాలి.

"తిత్తి ఊదేవాడి చేతికి రేకు ఎవరిస్తారమ్మా? మీ నాన్న నగిషీ పనివాడు."

మూడు పళ్ళేలు దెబ్బ ఎక్కువై సన్నగా చిట్లాయని కిటికీ వెలుగులో పెట్టి చూపించాడు. మిగతా రెండింటికీ నాకు ఏ లోపమూ కనపడలేదు. పెద్దాయన నవ్వుతూ గోడమీది అద్దం తీసి, గోపురం పళ్ళెం ఎదురుగా పట్టాడు. అద్దంలో గోపురం ఎడమనుంచి కుడికొచ్చింది. మా ఊరి ఫైర్ స్టేషన్! నేను రోజూ దాని ముందునుంచే బజారుకెళ్తాను.

ఈ పనిలో రేకును వెనకనుంచి కొట్టి బొమ్మను ముందుకు ఉబ్బిస్తారు. కాబట్టి వెనకవైపు బొమ్మను కుడిఎడమలు తిరగేసి గీసుకోవాలి. తాత కొత్తలో ఉన్నది ఉన్నట్టే గీసుకుని, రెండు భవనాలకు కుడిఎడమలు మార్చేశాడు. బొమ్మ తప్పాక పేరూ తారీఖూ వేయడం దండగని పట్టీలు బోడిగా వదిలేశారు.

"మా దుకాణంలో ప్రతి బల్లమీదా ఒక అద్దం ఉండాలని రూలు. ఎవరో మహానుభావుడు రెండు పళ్ళేలు తిరగేసి కొట్టాక పెట్టారనేవాళ్ళు," అని పెద్దాయన పగలబడి నవ్వాడు. "ఆ మహానుభావుడి కూతుర్ని చూస్తాననుకోలేదు."

అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తండ్రి పని చెడగొట్టాడని విని ఇంత సంబరపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి? వచ్చేముందు, గోడకు పెట్టుకోవడానికి వీలుగా చిల్లులు పెట్టివ్వనా అని పెద్దాయన అడిగాడు. అత్త పళ్ళేలు ఒళ్ళోకి లాక్కుంది. చిల్లు పడనివ్వనంది, కావాలంటే బల్లమీద నిలబెట్టుకుంటుందట.

నేను ఇంటివైపు తిరిగాను. అత్త ఫైర్ స్టేషన్ వైపు తిరిగింది. ఊళ్ళో ఏ ఆఫీసులోనూ తాను ఎన్నడూ అడుగు పెట్టలేదనీ, ఏదో ఒక గోడమీద పళ్ళెం పీకేసిన ఖాళీ మరక కనపడుతుందేమోనని భయపడేదనీ దారిలో అప్పుడు చెప్పింది.

మరక లేదు. లోపలి హాల్లో, గుమ్మానికెదురుగా పళ్ళెం తళతళలాడుతోంది. గోపురం కుడివైపే ఉంది, కింద పేరూ తారీఖూ ఉన్నాయి. అత్త కళ్ళజోడు పెట్టుకుని తలుపులు లెక్కపెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు సంచితో వచ్చి గోడను చూస్తుంటే డ్యూటీలో ఉన్నతను కంగారుగా వచ్చి, ఎక్కడైనా నిప్పంటుకుందా అని అడిగాడు.

"ఎక్కడా ఏమీ కాలేదు నాయనా," అంది అత్త. "ఇది మా నాన్న చేసింది. మొదటిది చెడగొట్టాడు, అది మా దగ్గరుంది."

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అత్త పరాయివాళ్ళ ముందు 'మా నాన్న' అనగా నేను వినలేదు. అతనికేం అర్థమైందో, కుర్చీ తెచ్చి వేశాడు. అత్త కూర్చోలేదు. హాలు చివర ఇంకో ఇద్దరు కనపడితే, వాళ్ళకూ వినపడేలా అదే మాట మళ్ళీ చెప్పింది.