రెండు ఇంజనీరింగుల ఫ్లెక్సీ

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వెంకటదుర్గ ఫారం మీద సంతకమైనా పెట్టకముందే ఆమె మేనమామ ఉమామహేశ్వరరావు నర్సీపట్నం బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించేశాడు. "ఒకేసారి రెండు ఇంజనీరింగులు! మెకానికల్, కంప్యూటర్స్! మా ఇంటి ఆణిముత్యం!" అందులో ఆయన బొమ్మ నిలువెత్తున చేతులు జోడించుకుని ఉంది. ఆణిముత్యం మాత్రం ఓ మూలన, పోస్టు బిళ్లంత.

చూడగానే దుర్గకు ఒళ్లు మండిపోయింది. మెకానికల్ రెండో ఏడు పూర్తిచేసిన పిల్ల. ఇంకో ఏడాది ఎక్కువ చదివితే కంప్యూటర్స్‌లో కూడా డిగ్రీ ఇస్తామని కాలేజీవాళ్లు ఆశపెట్టారు. వేసవి సెలవులన్నీ దానికే పోతాయి. జీడిపిక్కల ఫ్యాక్టరీలో మిషన్ల పని నేర్చుకుందామని దాచుకున్న సెలవులవి. ఫారం ఇవ్వడానికి ఇవాళే ఆఖరి రోజు. వారం నుంచి ఆమె ఎటూ తేల్చుకోలేక చస్తుంటే, పదో తరగతి మూడుసార్లు రాసి వదిలేసిన ఈ పెద్దమనిషికి గంటలో తేలిపోయింది!

ఆయన ఫ్లెక్సీ కిందే నిలబడి తన బొమ్మనే చూసుకుంటున్నాడు.

"ఏటే అమ్మడూ, బాగొచ్చాను కదా?"

"మావయ్యా, అసలు మెకానికలోళ్లు ఏటి సేత్తారో నీకు తెలుసా?"

"నాకెందుకే? నట్లు బిగిత్తారు. కంప్యూటరోళ్లు ఏసీలో కూకుంటారు. రెండూ సదివెయ్. ఒకటి పోయినా ఇంకోటుంటాది."

రాత్రి ఫారం నింపుతూ దుర్గ తనకు తాను చెప్పుకున్నదీ ఈ మాటే. థర్మోడైనమిక్స్ పరీక్ష ఒకసారి పోయిన దగ్గర్నుంచి ఆమెను పట్టుకున్న భయం అది. కంప్యూటర్ల మీద ఇష్టమా, పాడా! ఇన్నాళ్లూ ఈ మనిషి బుర్రను చూసి నవ్వింది. తన బుర్రా అంతేనని తెలిసేసరికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

బ్యాగులోంచి ఫారం తీసి నిలువునా చింపింది.

"నాకు మెకానికల్ ఒక్కటే సాలు మావయ్యా. పోతే మళ్లీ రాత్తాను."

ఆయన గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"మరి ఫ్లెక్సీయో?"

పిల్ల చదువు గురించి కాదు, ఫ్లెక్సీ గురించి!

"బేగి దింపించు. వానలొత్తన్నాయి, గడ్డిమేటు మీద కప్పు. నీ బొమ్మ పైకి కనబడేలాగ."

ఆయన నిజంగానే తలెత్తి, గడ్డిమేటుకు సరిపోతుందో లేదోనని కళ్లతో కొలుచుకున్నాడు.