చదవకుండా వదిలిన వాక్యం

జొన్నపిండి పిసుకుతుంటే నా మొగుడు కిషన్‌లాల్ వచ్చి, బడి నుంచి వచ్చిన కాయితం నా మోకాలి పక్కన పెట్టాడు.

"జర సదువు బాలీ. కండ్లు మండుతున్నయ్."

పదకొండేళ్ళ కాపురంలో అతని కళ్ళు కాయితం చూసినప్పుడే మండాయి. మిరపాకు కింద పురుగును నాకన్నా ముందు చూసే కళ్ళవి. పిండి చేతులు తుడుచుకుని నేనే చదవాలి. రెండుసార్లు వింటే అతనికి చాలు. బడి కమిటీ మీటింగులో అదే కాయితం ముఖానికెదురుగా పట్టుకుని గడగడా అప్పజెబుతాడు. పదో తరగతి దాకా పోయానని చెప్పుకునేది మా తండాలో అతనొక్కడే, అందుకని చైర్మన్‌ను చేశారు. ఆశ్రమ బడిలో ఏడు చదివిన నన్నెవరూ ఏమీ అడగలేదు. మొదట్లో పిచ్చిదాన్ని, మణుగూరు నుంచి కంటి చుక్కలు తెప్పించాను.

మండేది కళ్ళు కాదన్న సంగతి నాకు తెలిసింది మా బిడ్డ కళ్యాణి వల్ల. నాలుగో తరగతి. నోటిలెక్కలో దాన్ని మించినవాళ్ళు లేరు. చదవమంటే మాత్రం దాహమంటుంది, తలనొప్పంటుంది. నిన్న చదివిన మాట ఇవాళ దానికి కొత్తదే. "మా ఇంట్ల గిట్లాంటి మొద్దులు పుట్టలే. నీ కడుపుల గుణం కోడలా" అనేది మా అత్త జమ్లి. ఆ మాటకు అతను నవ్వేవాడు. బయటికి వినబడేలా నవ్వేవాడు.

దాని బడి హేమలత టీచరమ్మ ఖమ్మంలో ట్రైనింగు తీసుకుని వచ్చింది. ఇది మొద్దుతనం కాదు, అక్షరాన్నీ దాని సవ్వడినీ కలిపే దారి కొందరు పిల్లలకు వేరుగా ఉంటుంది, వరసపెట్టి నేర్పాలి అని చెప్పింది. ఎలాగో కూడా చూపింది. ఎనిమిది నెలలు, నీళ్ళు మోయడానికీ పొయ్యి వెలిగించడానికీ నడుమ దొరికిన సందులో, పళ్ళెంలో తవుడు పోసి వేలితో రాయించాను. రోజుకు రెండే అక్షరాలు. చూపుకు ఒకేలా ఉండేవి కలిపి చెప్పలేదు, ఒకటి గట్టిపడ్డాకే రెండోది. గొంతు మీద చేయి పెట్టించి సవ్వడి ఎక్కడ పుడుతుందో పట్టుకోమన్నాను. మాటను చప్పట్లతో ముక్కలు చేసి మళ్ళీ అతికించాం. వచ్చిన అక్షరాలతో అయ్యే మాటలే చదవనిచ్చాను, బొమ్మ చూసి ఊహించి చెబితే ఒప్పుకోలేదు. నిన్నటిది అడగకుండా ఇవాళ్టిది మొదలుపెట్టలేదు.

ఒకరోజు పిల్ల పళ్ళెం ఎత్తి "బాపూ, గిదేం అచ్చరం?" అని అడిగింది. అతను అక్షరం వంక చూశాడు. అచ్చం కళ్యాణి చూపే. పక్కకు తిరిగి, "బర్రెకు పెట్టే తవుడు నేలపాలు చేస్తుండ్రు" అని పళ్ళేన్ని కాలితో తన్నాడు. తవుడు ఎత్తుకుంటూ అనుకున్నాను, అమ్మ కడుపు గుణం కాదిది, అబ్బ పోలిక. నాకూ రాదు బాలీ అని ఒక్క మాట అంటే అతనికీ ఒక పళ్ళెం పెట్టేదాన్ని. రాకపోవడం తప్పు కాదు. చాలా రోజులు ఆ మాట కోసం చూశాను.

వానలు మొదలయ్యాక కళ్యాణి మొదటిసారి ఒక పేజీ మొత్తం చదివింది. వేలు పెట్టి, ఆగి ఆగి, ఒక్క మాటా ఊహించకుండా. అతను మంచం మీద పడుకుని విన్నాడు.

"ముసల్ది గుట్టెక్కినట్టున్నది" అన్నాడు.

వారం తిరక్కుండా బడికి పోయి దాని పేరు కొట్టేయించి వచ్చాడు. "మిరపనారు ఎయ్యనీకి మనిషి కావాలె. సదువు రానోళ్ళకు బడెందుకు?"

సదువు రానోళ్ళకు కుర్చీ ఎందుకని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. క్షమించి కాదు. దాచుకున్నాను.

ఇప్పుడు మోకాలి పక్కనున్నది కొత్త కమిటీ ఎన్నిక కాయితం. తేదీ చదివాను, సమయం చదివాను. మూడో వాక్యం కళ్ళతో చదివి నోటితో వదిలేశాను. నాలుగోది చదివాను. రెండోసారీ అంతే. నా గొంతు వణకలేదు. రొట్టె కూడా మాడలేదు.

మీటింగు రోజు బడి వరండాలో మగవాళ్ళు బెంచీల మీద, మేం ఆడవాళ్ళం కింద కూర్చున్నాం. కిషన్‌లాల్ ఇస్త్రీ చొక్కాతో లేచి కాయితం పట్టుకుని అంతా అప్పజెప్పాడు. హెడ్‌మాస్టరు ఇబ్బందిగా నేల చూస్తూ అన్నాడు.

"ఒక లైను వదిలిండ్రు చైర్మన్ గారూ. బడి రిజిస్టర్‌ల పిల్ల ఎవరి పేరు మీద ఉంటే, ఆ తల్లి గానీ తండ్రి గానీ, వాళ్ళే కమిటీల ఉండాలె. మీ పాప పేరు మీరే తీయిస్తిరి."

"కాయితంల గట్ల లేదు సార్" అన్నాడు. "మా బాలి సదివింది గదా నాకు."

అనేశాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. బెంచీ చివర రామ్‌చందర్ అడిగాడు, "ఏందన్నా, నువ్వు సదవలేదా?"

"మీ చేతిలనే ఉంది గదా, చూడుండ్రి" అన్నాడు హెడ్‌మాస్టరు. కాయితం అతని చేతిలో చాలాసేపు ఉంది. చెమట చొక్కా కాలరు దాకా దిగింది. చివరకు అందరి ముందూ దాన్ని నా వైపు చాచాడు.

"సదువు" అన్నాడు మెల్లగా.

నేను చేయి చాచలేదు. "మొదలు బిడ్డ పేరు మళ్ళ రాయించు."

కిషన్‌లాల్ నన్ను చూశాడు, బెంచీలను చూశాడు. "రాసుకోండి సార్. జల్దీ రాసుకోండి."

హెడ్‌మాస్టరు రిజిస్టరు తెరిచాడు. కళ్యాణి పేరు రాసి, పక్క గడి దగ్గర కలం ఆపి కిషన్‌లాల్ వైపు తలెత్తాడు.

లేచి నిలబడ్డాను. "నా పేరు మీద రాయండి సార్."

"మరి చైర్మన్..." అన్నాడు హెడ్‌మాస్టరు.

"పిల్ల ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే గదా సార్. నేను సదివిన."